ఈజిప్షియన్ హాల్స్ గొడవ: మొదలైంది 1965లో

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం యూనియన్ స్ట్రీట్‌లో ఉన్న పాత వాణిజ్య భవనం ఈజిప్షియన్ హాల్స్‌ను నిలబెట్టాలా, పడగొట్టాలా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. దాన్ని కట్టింది 19వ శతాబ్దపు గ్లాస్గో వాస్తుశిల్పి అలెగ్జాండర్ థామ్సన్. ('గ్రీక్' థామ్సన్ అని పేరు, గ్రీసు గడప మాత్రం తొక్కలేదు.) అసలు కథ ఆయన పోయిన 90 ఏళ్లకు మొదలైంది.

1856-57లో ఆయన కట్టిన క్యాలెడోనియా రోడ్ చర్చిని 1960ల మొదట్లో భక్తులు ఖాళీ చేశారు. కట్టడం కార్పొరేషన్ చేతికొచ్చింది. 1965లో తగలబడి కప్పు పోయింది. టవరూ, ముఖద్వారపు స్తంభాలూ ఇంకా ఉన్నాయి, పైన ఆకాశమే. ఆయనదే మరో కట్టడం క్వీన్స్ పార్క్ చర్చిని 1943లో బాంబులు మింగాయి, అది యుద్ధం. క్యాలెడోనియా రోడ్‌లో మాత్రం ముందు మనుషులు ఖాళీ చేసి పోయారు, తర్వాతే నిప్పొచ్చింది.

1870-72 నాటి ఈజిప్షియన్ హాల్స్‌లోనూ పై అంతస్తులు దశాబ్దాలుగా ఖాళీ. అన్నిటికన్నా పైన పొట్టి, లావు స్తంభాల వరుస. గాజు వాటి మధ్య బిగించలేదు, వెనక విడిగా తెరలా సాగుతుంది. కప్పు అంచున గట్టర్ (వాననీటి కాలువ) పూడితే నీళ్లు నేరుగా గోడ తలలోకి దిగుతాయి. రాళ్లను పట్టి ఉంచే ఇనుప కొక్కేలు అలాంటి చోటే తుప్పుపడతాయి. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి ఇసుకరాయి చీలుతుంది. రాళ్ల అతుకుల్లోని పాత సున్నం తీసి సిమెంటు పూస్తే ఇంకా చేటు: అతుకులోంచి ఆరాల్సిన చెమ్మ రాయిలోంచి ఆరుతుంది, రాయి ముఖం పొరలుగా ఊడుతుంది. బాగుచేయాలంటే ఇనుము తొలిచి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలి, మళ్లీ సున్నమే వాడాలి, చెడిన రాయి మేర కోసి కొత్తది అతకాలి. చుట్టుపక్కల లేత రంగు రాతి క్వారీలు ఎప్పుడో మూతపడ్డాయి, జోడు రాయి దొరకడమే కష్టం.

ఖర్చు అద్దెలతో తిరిగిరాదని, రాళ్లు ఊడిపడితే ప్రమాదమని కూల్చమనేవారి మాట. రక్షిత కట్టడాల జాబితాలో అన్నిటికన్నా పై తరగతైన 'A' కేటగిరీ కట్టడం కనుక కూల్చడానికి ప్రత్యేక అనుమతి కావాలి. మరమ్మతు కుదరదనో గిట్టదనో చూపితే దానికి దారి దొరుకుతుంది. గట్టర్ తీయించకుండా గడిచిన ప్రతి శీతాకాలమూ ఆ దరఖాస్తుకు ఓ కొత్త పగులు జతచేస్తుంది.