డైల సెట్టు తెమ్మంటారా? రివాల్వర్ తూటాల మీద అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి దగ్గరపడుతుంటే మా కొట్టుకి ఒకటే ప్రశ్న. "ఏవండీ, మా అబ్బాయి టెక్సాస్ నుంచి వస్తున్నాడండి. ప్రెస్సు, డైల సెట్టు పట్టుకురమ్మంటాను. పేల్చిన తూటాల ఖాళీ కేసులన్నీ డబ్బాలో దాచే ఉంచాను, ఇంట్లోనే మళ్లీ నింపుకుంటాను. డై ఎంతవరకు బిగించాలో మీరు చూపిద్దురు." ప్రెస్సంటే మీటతో నొక్కే యంత్రం, డైలంటే దానికి బిగించే అచ్చులు.

రాజమండ్రిలో లైసెన్సు తుపాకుల అమ్మకం, మరమ్మతు మా తాతగారి నాటి నుంచీ మా పని. ఇలా అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. చెరువుల రైతులు, బంగారం కొట్లవాళ్లు, కొబ్బరి తోటల పెద్దలు. తూటా ధర ఎక్కువ, దొరకడం కష్టం. వీడియోలో ఎవరో మీట లాగుతుంటే టకటకా తూటాలు పడుతుంటాయి. ఆశ పుడుతుంది. కానీ ఈ ఆశ వల్ల పోయేది డబ్బు కాదు.

అపోహ: డైలు ఇనప ముక్కలే కదా, తుపాకీ కాదు, తుపాకీమందు కాదు. సూట్‌కేసులో తెచ్చుకోవచ్చు.

వాస్తవం: కూడదు. 1959 ఆయుధాల చట్టంలో అమ్యునిషన్ అంటే ఏమిటో చదవండి. నిండు తూటా ఒక్కటే కాదు, దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రసామగ్రి కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. విదేశం నుంచి తేవాలంటే సెక్షన్ 10 కింద లైసెన్సు కావాలి. తెచ్చాక బల్లకి బిగించి నింపితే అది తయారీ, సెక్షన్ 5. మీ దగ్గరున్న లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి, వెంట తీసుకెళ్లడానికి; తూటా తయారీకి కాదు. అమ్మకం, మరమ్మతు లైసెన్సున్న మాకే ఆ అధికారం లేదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని తయారీకి శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. "అమ్ముకోను కదండీ, నా తుపాకీకి నేనే" అంటారు. అమ్మినా అమ్మకపోయినా తయారీ తయారీయే.

పిల్లల్ని తిట్టకండి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అక్కడ సామాన్లు కొట్లో దొరుకుతాయి, వాళ్లకి ఇక్కడి సంగతి తెలీదు. టికెట్టు బుక్ చేసుకునేలోపే ఫోన్ చేసి వద్దని చెప్పండి.

అపోహ: చట్టం సంగతి సరే, పని మాత్రం తేలికే. డై బిగించడం, మీట లాగడం.

వాస్తవం: ఆ పని నేను దగ్గర కూర్చుని చూశాను. మా మేనల్లుడు హ్యూస్టన్ దగ్గర ఉంటాడు, .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా నింపుకుంటాడు. వాడి గ్యారేజీలో ఆ బల్ల దగ్గర కూర్చుంటే నాకు టైమే తెలీలేదు. మొదటి డై పేలి ఉబ్బిన ఇత్తడి కేసుని నొక్కి కొలతకు తెస్తుంది. అందులో కార్బైడ్ రింగు గట్టిదే గానీ పెళుసు, కాబట్టి కేసుని అడుగున పట్టుకునే షెల్ హోల్డర్ దానికి గట్టిగా గుద్దుకోకుండా సన్నని సందు వదిలాడు. రెండో డై కేసు మూతిని కాస్త విప్పుతుంది. చాలకపోతే ఆ మూతిలో కూర్చునే సీసం బుల్లెట్ అంచు చెక్కుకుపోతుంది, మరీ విప్పితే నాలుగు వాడకాలకే మూతి చిట్లుతుంది.

అసలు తంటా మూడో డైతో. బుల్లెట్‌ని కూర్చోబెట్టేదీ అదే, కేసు మూతిని లోపలికి మడిచి క్రింప్ చేసేదీ అదే. పైనున్న స్టెమ్, అంటే బుల్లెట్‌ని నొక్కే కడ్డీ, తిప్పితే బుల్లెట్ లోతు మారుతుంది, డై బాడీ దించితే మడత బిగుస్తుంది. రెండూ ఒకే దెబ్బలో చేయబోతే బుల్లెట్ ఇంకా దిగుతుండగానే మూతి దాన్ని కరిచేస్తుంది, కేసు ఒళ్లు ఉబ్బిపోతుంది. వాడికి అదే జరిగింది. ఒక కేసుకి సరిపోయిన సెట్టింగు పక్క కేసుకి సరిపోలేదు. కొలిచి చూస్తే ఆ రెండోది వెంట్రుకవాసి పొడుగు! ఉబ్బిన తూటా రివాల్వర్‌లో తిరిగే సిలిండర్ గదిలోకి దిగనే లేదు. వాడు అన్నీ ఆపి, కేసులన్నీ ఒకే పొడుగుకి కోసి, ముందు బుల్లెట్లు మాత్రం కూర్చోబెట్టి, తర్వాత స్టెమ్ పైకి తీసి, బాడీ దించి, క్రింప్ వేరే దఫాగా వేశాడు. అంత ఓపిక ఉన్నవాడు కాబట్టే వాడి చేతులు వాడికున్నాయి.

పోనీ క్రింప్ వదులుగా వేస్తే? రివాల్వర్ పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నుతుంది. ఆ కుదుపుకి మిగతా గదుల్లో ఉన్న బుల్లెట్లు కేసుల్లోంచి ముందుకి జారతాయి. ఒకటి సిలిండర్ ముందుకి పొడుచుకొచ్చి ఫ్రేముకి అడ్డం పడితే సిలిండర్ తిరగదు. ప్రాణరక్షణకి కొన్న రివాల్వర్ సరిగ్గా అప్పుడే బిగుసుకుపోతుంది. 9 ఎం.ఎం. పిస్తోలు వీడియో చూసి ఈ సెట్టింగు నేర్చుకుందామనుకోకండి. ఆ తూటా గదిలో ఆనేది మూతి మీద, అందుకని మూతిని అలా మడవరు. రివాల్వర్ తూటా ఆనేది అడుగు అంచు మీద. లెక్కే వేరు.

ఇక మందు. .38 స్పెషల్ 1898 నాటి తూటా, నల్ల తుపాకీమందు రోజుల్లో పుట్టింది, కేసు గది పెద్దది. ఇప్పటి మందు అందులో అడుగున కాస్తే ఉంటుంది. పరధ్యానంలో రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు. అసలు పోయకపోతే, కేసు అడుగున మందుని అంటించే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్ మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది. "తుస్సుమంది" అనుకుని ఇంకోసారి నొక్కితే దాని వెనక రెండోది వస్తుంది. ఎవరో నింపిన తూటా వాడి, మధ్యలో ఉంగరంలా ఉబ్బిన బ్యారెల్‌తో ఒకాయన మా కొట్టుకొచ్చారు. ఆయన చెయ్యి బాగానే ఉంది. తూటా ఎవరు నింపారో చెప్పలేదు. ఆ బ్యారెల్ బాగుచెయ్యనని చెప్పేశాను.

అపోహ: .32 అని రాసుంటే ఏ .32 తూటా అయినా ఒకటే.

వాస్తవం: కాదు. రివాల్వర్‌ది 7.65×23, పిస్తోలుది 7.65×17 (ఎం.ఎం.లో లావు, కేసు పొడుగు). పొట్టిది కదా, రివాల్వర్ గదిలోకి దిగిపోతుంది కూడా. దిగుతోంది కదా అని కాల్చకండి, దాని ఒత్తిడి ఎక్కువ.

అపోహ: మన గాలి తేమకి తూటాలకి నూనె రాస్తే మంచిది.

వాస్తవం: నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా చచ్చిపోవచ్చు. తోలు బెల్టు గుంటల్లో పెట్టి వదిలేసినా ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. గాలి చొరని డబ్బాలో, పొడిగా ఉంచండి. గోదావరి నీళ్లలో మునిగిన తూటాని ఎండబెట్టి వాడకండి.

ఇంకొక్క మాట, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లకి. లంకల వైపు నుంచి ఒకావిడ వచ్చారు. భర్త పోయాక బీరువాలో రివాల్వరు, తూటాలు కనబడ్డాయట. "పోలీసులు పట్టుకుపోతారు, కాలవలో పారెయ్యి" అని చుట్టాలు భయపెట్టారు. వణుకుతూ చెప్పారు పాపం. అమ్మా, పారేస్తేనే చిక్కు. లైసెన్సు పుస్తకంలో లెక్క ఉంటుంది, రేపు ఆ తూటాలేవని అడుగుతారు. లైసెన్సు చెల్లకుండా పోయినప్పుడు దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ ఆలస్యం లేకుండా అప్పగించే దారిని చట్టమే సెక్షన్ 21లో చూపించింది. ముందు స్టేషనుకి కబురు చేసి, లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం తీసుకుని, ఇంట్లో తెలిసినవాళ్లని తోడు తెచ్చుకుని అప్పగించండి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.