బ్రిడ్జ్ ఆట: అపోహలు - వాస్తవాలు

నలుగురు రెండు జంటలుగా, తలా 13 ముక్కలతో ఆడే పత్తాలాట బ్రిడ్జ్. హనుమకొండలో దాన్ని నేర్పిస్తుంటానని తెలియగానే జనం అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: పత్తాలంటే జూదమే.

ఈ మాట అనేవాళ్లను తప్పుపట్టను. మూడుముక్కలాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో తక్కువేం లేరు. రమ్మీ జూదమా కాదా అన్న పంచాయితీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసుతో సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జ్ ముక్కలు పంచేటప్పుడు ఉండే పాటిదేనని, అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో కోర్టు చెప్పింది. అట్లని రమ్మీకి పైసలు పెట్టకండి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లో మన రాష్ట్రం నిషేధించింది. "పైసలు లేకుంటే మజా ఏముంటది సార్?" అని అడిగినవాళ్లను ఒక్క పూట కూర్చోబెడతాను. మళ్లీ అడగరు.

అపోహ: మంచి ముక్కలు పడ్డవాళ్లదే గెలుపు.

ఇంట్లో ఆడుకునేటప్పుడు కొంత నిజమే. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున కట్టలో మొత్తం 40 పాయింట్లు. అవన్నీ సాయంత్రమంతా ఒకే జంటకు పడుతుంటే అవతలివాళ్లు చేసేదేం లేదు.

పోటీల్లో ఆ సాకు చెల్లదు. అక్కడ ఆడేది డూప్లికేట్ పద్ధతి. వేసిన ముక్కను టేబుల్ మధ్యలో కలిపెయ్యరు, ఎవరిది వాళ్ల ముందే బోర్లా పెట్టుకుంటారు. ఆట అయ్యాక ఎవరి 13 ముక్కలు వాళ్లు నాలుగు అరలున్న బోర్డులో తిరిగి దోపుతారు. ఆ బోర్డు పక్క టేబుల్‌కు పోతుంది. మీకు చెత్త ముక్కలు పడ్డాయా? ప్రతి టేబుల్‌లోనూ మీ దిక్కున కూర్చున్నవాళ్లకు పడేది అదే చెత్త, మీ మార్కులు పోల్చేది వాళ్లతోనే. ఆటకు ముందు ఎన్ని ట్రిక్కులు గెలుస్తారో చెప్పే వేలమే పాట; నలుగురూ తలో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. ప్రత్యర్థులు నాలుగు ఇస్పేట్లు పాడారనుకోండి, అంటే 13లో 10 ట్రిక్కులు గెలవాలి. మిగతా టేబుళ్లలో అందరూ 11 ఇచ్చేసిన చోట మీరు 10 దగ్గర ఆపితే ఆ బోర్డులో పై మార్కు మీదే, వాళ్ల పాట నెగ్గినా సరే. బ్రిడ్జ్ పిచ్చి పట్టేది ఇక్కడే.

అపోహ: 52 ముక్కలూ గుర్తుండాలి.

అక్కర్లేదు, మొదట్లో తురుఫు (మిగతా రంగులను కొట్టే రంగు) ఒక్కటి లెక్కపెట్టండి చాలు. మీ చేతిలో 5, డమ్మీలో (బల్లపై పరిచిపెట్టే మీ భాగస్వామి ముక్కల్లో) 3 ఉన్నాయి, అంటే బయట 5. అవి 3-2గా చీలే అవకాశం 68 శాతం. రెండుసార్లు తురుఫు ఆడితే ప్రత్యర్థులిద్దరూ వేశారు, ఇక మిగిలింది ఒక్కటే. అది మీ తురుఫులన్నిటికన్నా పెద్దదైతే దాని జోలికి పోకండి. ఆ ఒక్కదాన్ని లాగడానికి మీవి రెండు ఖర్చు చేయడం దండగ.

అపోహ: విహారయాత్రలో పిల్లాపాపలతో ఆడే ఆట కాదు.

దీనికి మినీబ్రిడ్జ్ ఉంది. పాట ఉండదు. నలుగురూ తమ పాయింట్లు పైకి చెబుతారు, ఎక్కువున్న జంట డమ్మీని పరిచి, చూసుకుని తురుఫు ఎంచుకుంటుంది. లక్నవరంలో వాన పట్టుకుని బోటింగ్ ఆగిపోతే ఇంతకన్నా మంచి కాలక్షేపం నాకు తెలీదు.

అపోహ: భాగస్వామికి సైగలు చేసుకుంటారు.

చేస్తే అది మోసం. పాటలో వాడదగ్గవి 15 మాటలే: ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగులు, నో ట్రంప్ (తురుఫు లేని ఆట), పాస్, డబుల్, రీడబుల్. పోటీల్లో అవి కూడా నోటితో చెప్పరు, బిడ్డింగ్ బాక్సులోంచి కార్డు తీసి పెడతారు. మీరు చాలాసేపు ఆలోచించి పాస్ పెట్టారే అనుకోండి, ఆ తటపటాయింపును బట్టి మీ భాగస్వామి నిర్ణయం తీసుకోకూడదు.

అపోహ: రిటైరైనవాళ్ల కాలక్షేపం.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల స్వర్ణం గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏళ్లు, శివనాథ్ సర్కార్‌కు 56. కాలక్షేపానికి పతకాలివ్వరు కదా.

భార్యాభర్తలు కలిసి ఆడితే గొడవే!

ఇది అపోహ కాదు. నా దగ్గరికి జంటగా వచ్చేవాళ్లను మొదటి నెల వేర్వేరు టేబుళ్లలో కూర్చోబెడతాను. ఆ తర్వాత ఒకటే షరతు: "ఆ రాణి ఎందుకు వేసినవ్?" అన్న ప్రశ్న ఆఖరి బోర్డు అయ్యేదాకా నోట్లోంచి రావద్దు.