ఒకే రాస్‌బెర్రీ పై, నాలుగైదు ఎస్‌డీఆర్ డాంగిల్స్: అపోహలు - వాస్తవాలు

ఎస్‌డీఆర్ డాంగిల్ అంటే యూఎస్‌బీకి గుచ్చే చిన్న రేడియో రిసీవర్, విమానాలు, ఓడల సిగ్నల్స్ లాంటివి పట్టి కంప్యూటర్‌కి ఇస్తుంది. అలాంటివి నాలుగైదు ఒకే రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) మీద నడపడం గురించి వినిపించే అపోహలు ఇవి.

అపోహ: చిన్న కంప్యూటర్ ఒక్క డాంగిల్‌కి మించి లాగలేదు.
లెక్కేసి చూడండి. ఆర్‌టీఎల్ డాంగిల్‌ని (చవగ్గా దొరికే మామూలు రకం) సెకనుకి 2.4 మెగాశాంపిల్స్ (24 లక్షల సిగ్నల్ కొలతలు) దగ్గర నడిపితే శాంపిల్‌కి 2 బైట్లు, అంటే సెకనుకి 4.8 మెగాబైట్లు, యూఎస్‌బీ 2.0లో నిజంగా చేతికొచ్చేది 35 దాకా ఉంటుంది కాబట్టి నాలుగు పెట్టినా ఇంకా చోటుంటుంది. రాస్‌బెర్రీ పై 3, అంతకన్నా పాత మోడల్స్‌లో మాత్రం ఈథర్నెట్ కూడా అదే యూఎస్‌బీ దారిలో పోతుంది, వాటిలో రా డేటాని (డాంగిల్ ఇచ్చిన శాంపిల్స్‌ని ఉన్నవి ఉన్నట్టు) నెట్‌వర్క్ మీద పంపాలంటే కష్టమే.

అపోహ: డాంగిల్ మాటిమాటికీ డిస్‌కనెక్ట్ అవుతుందంటే అది పాడైనట్టే.
ముందు పవర్ చూడండి బాబూ! ఒక్కోటి దాదాపు 300 మిల్లీఆంప్స్ తాగుతుంది, పై 4 అన్ని పోర్టులకీ కలిపి ఇచ్చేది 1.2 ఆంప్స్, నాలుగు పెట్టేసరికే సరి, పైగా బయాస్ టీ (యాంటెన్నా కేబుల్ గుండానే కరెంట్ పంపేది) ఆన్ చేసి ఎల్‌ఎన్‌ఏకి (బలహీన సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫైయర్) కూడా ఇక్కడ్నుంచే ఇస్తే లిమిట్ దాటేసినట్టే. పై 5కి 5 ఆంప్స్ అడాప్టర్ పెడితేనే 1.6 ఆంప్స్ ఇస్తుంది, 3 ఆంప్స్‌ది పెడితే 600 మిల్లీఆంప్సే. సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనుక్కోండి, అంతే.

అపోహ: ఐదోది స్టార్ట్ కాకపోతే ర్యామ్ చాలట్లేదు.
ర్యామ్ కాదు. లైనక్స్ యూఎస్‌బీ బఫర్లకి మొత్తం మీద ఇచ్చేది మామూలుగా 16 ఎంబీ, ఒక్కో డాంగిల్ 256 కేబీవి 15 బఫర్లు అడుగుతుంది. బూట్ లైన్‌లో ఆ యూఎస్‌బీఎఫ్ఎస్ మెమరీ సెట్టింగ్ 0 చేస్తే లిమిట్ ఎత్తేసినట్టు.

అపోహ: డివైస్ 0, 1, 2 అని ఇచ్చేస్తే చాలు.
అందరూ దొరికిపోయేది ఇక్కడే. రీబూట్ అయ్యాక ఆ నంబర్లు మారిపోవచ్చు, అప్పుడు విమానాల ప్రోగ్రామ్ వెళ్లి ఓడల యాంటెన్నా ఉన్న డాంగిల్‌ని పట్టుకుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు, లాగ్ శుభ్రంగా ఉంటుంది, మెసేజ్‌లే రావు, మనం యాంటెన్నా కేబుల్ పీకి చూస్తూ కూర్చుంటాం. కొత్తవన్నీ చాలావరకు 00000001 అనే ఒకే సీరియల్‌తో వస్తాయి, అందుకే ఒక్కోదాన్నే గుచ్చి (మిగతావి తీసేసి) ఈప్రామ్ టూల్‌తో (డాంగిల్ లోపలి చిన్న మెమరీలో రాసే ప్రోగ్రామ్) విమానాలకి 1090, ఓడలకి 162 లాగా పని బట్టి సీరియల్ రాయండి, పీకి మళ్లీ పెట్టండి, ప్రోగ్రామ్స్‌కి ఆ సీరియలే ఇవ్వండి. డాంగిల్ మీద స్టిక్కర్ కూడా వేసుకుంటే మంచిది.

అపోహ: ఎన్ని ఫ్రీక్వెన్సీలో అన్ని డాంగిల్స్.
ఓడలు తామెక్కడున్నాయో చెప్పే ఏఐఎస్ సిగ్నల్ 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది, మధ్య గ్యాప్ 50 కిలోహెర్ట్జే, రెండూ ఒక్కదాంట్లో వచ్చేస్తాయి. ఒక డాంగిల్ ఒకేసారి చూసే 2.4 మెగాహెర్ట్జ్ కిటికీలో పట్టేదానికి ఇంకోటి కొనడం దండగ.

అపోహ: స్ప్లిటర్ పెడితే ఒకే యాంటెన్నా అందరికీ ఫుల్లుగా వస్తుంది.
స్ప్లిటర్ ఒకే యాంటెన్నా సిగ్నల్‌ని పంచుతుంది, నాలుగు దారులదైతే ఒక్కోదాంట్లో కనీసం 6 డీబీ పోతుంది, అంటే నాలుగో వంతే మిగులుతుంది. ఎల్‌ఎన్‌ఏ స్ప్లిటర్‌కి ముందు పెట్టాలి, వెనక కాదు.

అపోహ: ఐదు డాంగిల్స్ ఉన్నాయిగా, సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తుందో పట్టేయొచ్చు.
కుదరదు, ప్రతిదానికీ సొంత 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (క్లాక్) ఉంటుంది, దేని దారి దానిదే, దిక్కు తెలియాలంటే అన్నీ ఒకే తాళంలో నడవాలి. దిక్కు పట్టడానికి వాడే క్రాకెన్ఎస్‌డీఆర్‌లో ఐదు రిసీవర్లూ ఒకే క్లాక్ మీద నడుస్తాయి, ఫేజ్ (తరంగాల మధ్య ముందు వెనకల తేడా) సరిచేసుకోవడానికి లోపలే నాయిస్ సోర్స్ కూడా ఉంటుంది, దాని రేటు అంత ఉండేది అందుకే.