తాళం మంచిదే, స్క్రూలు చూశారా?

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దనాయన ఆశీస్సులు. హాస్టల్ గదికి ఏ తాళం కొనాలని అడిగారు. చెబుతా గానీ, ముందు తలుపు చూసి రండి. తాళం వేసిన తర్వాత కూడా గొళ్లెం పట్టీ స్క్రూల తలలు బయటికి కనబడుతున్నాయా? అయితే ఎంత ఖరీదైన తాళమైనా దండగే. స్క్రూడ్రైవర్ ఉన్నవాడు తాళం జోలికే పోడు. నాలుగు స్క్రూలు విప్పి పట్టీతో సహా పక్కకు జరుపుతాడు, పోయేటప్పుడు మళ్ళీ బిగించి పోతాడు. తాళం వేసినట్టే ఉంటుంది కాబట్టి అనుమానమంతా రూమ్మేట్ మీద పడుతుంది.

వార్డెన్‌కు చెప్పి, కార్పెంటర్‌తో ఆ స్క్రూల బదులు బోల్టులు వేయించండి. బోల్టు తలుపు మందం కంటే అర అంగుళం పొడుగుండాలి. గాడి లేని గుండ్రటి తల బయటికి, వాషర్, నట్టు లోపలికి రావాలి. పట్టీకి రెండు వేసినా చాలు. దర్వాజ చెక్క మెత్తబడి స్క్రూ ఒట్టిగా తిరుగుతుంటే అక్కడే మళ్ళీ బిగించొద్దు, నాలుగు వేళ్ళు పైకో కిందికో మార్చి కొట్టించండి.

ఇక తాళం. గొళ్లెం రంధ్రం కొలుచుకొని చౌరస్తాకు పోండి, లేదంటే తెచ్చిన తాళం కొండి అందులో పట్టదు. కొండి లావుగా ఉండాలి, వేశాక మధ్యలో ఖాళీ తక్కువుండాలి. ఖాళీ ఉంటే ఇనుప కడ్డీ దూర్చి మెలిపెడతారు. నొక్కితే పడిపోయే రకం వద్దు, తాళంచెయ్యి తిప్పితేనే పడేది తీసుకోండి. అప్పుడు తాళంచెయ్యి లోపల మరిచి బయటికి రావడమన్నది ఉండదు. మరిచిపోయే భయంతోనే కదా దర్వాజ పైన, షూలో, మీటర్ బాక్సులో దాచేది? ఆ మూడు చోట్లూ అందరికీ తెలిసినవే! గదిలో ముగ్గురుంటే మూడు తాళంచేతులు ఉండాలి. ఏడాది చివర ఒకరు ఖాళీ చేస్తే, వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా తాళం మార్చండి.

సూట్‌కేసును మాత్రం నమ్మకండి. జిప్ పళ్ళ మధ్య బాల్‌పెన్ మొన గుచ్చితే చాలు, విచ్చుకుంటుంది. పని అయ్యాక తాళం వేసిన పుల్లర్లు రెంటినీ కలిపి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగితే మళ్ళీ మూసుకుంటుంది. పోయిన సంగతి పండక్కి ఇంటికొచ్చాక గానీ తెలియదు. విలువైనది ట్రంకు పెట్టెలోనో, అల్మారాలోనో ఉండాలి. ల్యాప్‌టాప్‌కు కేబుల్ తాళం కొనేముందు పక్కన లాక్ గాడి ఉందో లేదో చూడండి, పల్చటివాటికి చాలాసార్లు ఉండదు. కేబుల్‌ను మంచం కాలుకు చుడితే మంచం ఎత్తి తీసేస్తారు. రెండు కాళ్ళను కలిపే అడ్డకడ్డీకి చుట్టండి.

అసలు, తాళం పగలడం కంటే తలుపు తెరిచి ఉండటంతోనే ఎక్కువ పోతాయి. స్నానానికి, మెస్సుకు పోయే పది నిమిషాలు చాలు. మన దగ్గర ఎండాకాలం ఉక్కకు తలుపు తీసి పడుకుంటారు, కూలర్ కోసం కిటికీ రెక్క తీసేస్తారు. కిటికీ దగ్గర చార్జింగ్ పెట్టిన ఫోన్‌ను తెల్లవారుజామున కొక్కెం కట్టిన కర్రతో చువ్వల్లోంచి లాగుతారు. చార్జర్ మంచం లోపలివైపు పెట్టుకోండి. బతుకమ్మ రాత్రులు, మేడారం జాతర రోజులు, కాలేజీ ఫెస్టులు వచ్చినప్పుడు వరండాలన్నీ ఖాళీ. ఆ రోజుల్లో ఒక్కరైనా గదిలో ఉండాలి, లేదా ల్యాప్‌టాప్ వెంట ఉండాలి.

ఫోన్ కవర్లో ఏటీఎం కార్డు పెట్టే అలవాటు మీలో ఎవరికుందో నాకు తెలుసు. ఈ రోజే తీసేయండి. పాతది తెలియకుండా కొత్త యూపీఐ పిన్ పెట్టాలంటే కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, సిమ్‌కు వచ్చే ఓటీపీ అడుగుతారు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అన్నీ కాదు. ఫోన్ లాక్ తెలియకపోయినా సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేస్తే ఓటీపీ దానికే వస్తుంది. అందుకే సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ పెట్టండి. మూడుసార్లు సిమ్ పిన్ తప్పితే పీయూకే, అంటే సిమ్‌ను మళ్ళీ తెరిచే కోడ్, అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాదు, కాబట్టి మీరే ఊహించి కొట్టకండి, కంపెనీని అడగండి. లాక్ స్క్రీన్ మీద మెసేజీలు కనబడకుండా ఆపేయండి.

టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ ఒరిజినల్స్ ఇంట్లోనే ఉండనీయండి. జిరాక్సులు, డిజిలాకర్ యాప్‌లోని కాపీలు చాలు. బంగారం హాస్టల్‌కు తేనే వద్దు.

స్టార్ నొక్కి, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. బిల్లుతో పాటు ఇంట్లో రాసిపెట్టించండి. ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించాలి, వెంటనే బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు. సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్ళకు దానంతటదే చెరిగిపోతుంది, అందుకని అదే రోజు వార్డెన్‌తో తీయించి పెట్టండి.

పోయిన ఫోన్లను ఆపించడానికి 2023 మే నుంచి దేశమంతా సీఈఐఆర్ అనే సర్కారు పోర్టల్ ఉంది. ఫిర్యాదు కాపీ, బిల్లు పెడితే ఐఎంఈఐని అన్ని నెట్‌వర్క్‌లలో ఆపేస్తారు. దానికి ఓటీపీ కావాలి గనుక అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు మెసేజీలు రాకపోవచ్చు, కంగారు పడొద్దు. ఫోన్ దొరికితే అదే పోర్టల్లో అన్‌బ్లాక్ చేయించండి. లేదంటే చేతికొచ్చిన ఫోన్లో కూడా ఏ సిమ్మూ పనిచేయదు.

మీ పెద్దనాయన