మన్యం గెడ్డలు, బాక్సైట్ తవ్వకాలు: అపోహలు, వాస్తవాలు

విశాఖ మన్యంలో, అంటే నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, బాక్సైట్ (అల్యూమినియం ముడిఖనిజం) తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడల్లా చర్చ ఉద్యోగాల చుట్టూ, ఆదాయం చుట్టూ సాగుతుందే తప్ప, ఆ కొండల నుంచి దిగే గెడ్డల (కొండవాగుల) గురించి మాట్లాడేవారు తక్కువ. ఊటల నీటిని కొలిచే పనిలో ఉన్న నాకు తరచూ వినిపించే కొన్ని మాటలకు సమాధానాలివి.

అపోహ: కొండ నెత్తిన ఉన్నది బోడి నేల, దాన్ని తవ్వితే నీటికి నష్టమేమీ ఉండదు.

వాస్తవం: గాలికొండ, రక్తకొండ, జెర్రెల వంటి చోట్ల బాక్సైట్ శిఖర భాగంలోనే, పలుచని మట్టి కింద, మీటర్ల మందాన పరచుకొని ఉంటుంది. పైనున్న గట్టి లేటరైట్ (ఇనుము కలిసిన ఎర్రరాయి) పెంకులో పెద్ద చెట్లు వేళ్లూనడం కష్టం కనుకనే అక్కడ చాలావరకు గడ్డి కనిపిస్తుంది. అయితే ఆ పెంకూ, దాని కింది బాక్సైట్ పొరా సన్నని రంధ్రాలతో, పగుళ్లతో నిండి ఉంటాయి. వానాకాలంలో వాటిలోకి ఇంకిన నీరు, అడుగున ఖోండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన బంకమట్టి వంటి పొర తగలగానే కిందికి దిగలేక పక్కలకు సాగి, కొండవాలులో ఊటగా బయటపడుతుంది. వానలు వెనుదిరిగిన నెలల తరువాత కూడా గెడ్డ పారుతున్నదంటే కారణం ఈ నిల్వే. వాలులోని వరి మడులకూ, మోటారు అవసరం లేకుండా పైపుల ద్వారా గూడేలకు తాగునీరు చేర్చే గ్రావిటీ పథకాలకూ ఆధారం ఇదే. బోడి నేల అని తీసిపారేసే ఆ శిఖరమే నిజానికి ఈ పరీవాహక ప్రాంతానికి ప్రాణస్థానమని నా దృఢమైన అభిప్రాయం.

అపోహ: తవ్విన గుంటల్లో వాననీరు నిలిచి, ఇంకుడు ఇంకా పెరుగుతుంది.

వాస్తవం: ఇంకడం వేరు, ఇంకిన నీటిని నెలల తరబడి పట్టి ఉంచడం వేరు. ఆ పట్టి ఉంచే పొరనే ఖనిజంగా తరలించాక, వానాకాలంలో కురిసినది చాలావరకు వానాకాలంలోనే ఒండ్రు మట్టితో కలిసి పారిపోతుంది. పైమట్టిని మళ్లీ పరచి మొక్కలు నాటవచ్చు, నాటాలి కూడా. కాని శుద్ధి కర్మాగారానికి వెళ్లిన పొర తిరిగి రాదు.

అపోహ: ఇది కొండ మీది ఊళ్లకు మాత్రమే సంబంధించిన విషయం.

వాస్తవం: అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయానికి చేరే గోస్తనీ నది నీటిని విశాఖపట్నం నగరం తాగుతున్నది. శారద, వరాహ, తాండవ నదులకూ ఈ తూర్పు కనుమలే ఆధారం.

అపోహ: 1997 నాటి సమత తీర్పు ఉన్నందున ఇక్కడ తవ్వకాలు జరిగే అవకాశమే లేదు.

వాస్తవం: షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వరాదని సుప్రీంకోర్టు ఆ తీర్పులో చెప్పింది, ప్రభుత్వ సంస్థ తవ్వడాన్ని మాత్రం పూర్తిగా నిషేధించలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి, ప్రైవేటు కర్మాగారాలకు సరఫరా చేసే ఒప్పందాలు ఆ వెసులుబాటు మీదే కుదిరాయి. 2015 నవంబరులో జెర్రెల ప్రాంతంలోని 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ తవ్వకాలకు మళ్లిస్తూ జీవో 97 వెలువడింది; గిరిజనుల ఆందోళనతో అది నిలిచిపోయి, 2019లో రద్దయింది. ఒక జీవోతో రద్దయినది మరో జీవోతో తిరిగి రావచ్చు. అందుకే పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన చట్టం), 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలకున్న అధికారం కీలకం. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ తవ్వకాలను ఏకగ్రీవంగా తిరస్కరించాయి.

అపోహ: పర్యావరణ ప్రభావ నివేదికలో నీటి లెక్కలన్నీ ఉంటాయి.

వాస్తవం: ఆ నివేదికలకు సాధారణంగా వానాకాలం కాని ఒక్క రుతువులో సేకరించిన వివరాలు సరిపోతాయి. శీతాకాలంలో కొలిచిన గెడ్డను బట్టి ఏప్రిల్, మే నెలల్లో ఎంత నీరు మిగులుతుందో తెలియదు, గ్రామానికి కావలసినది ఆ నెలల లెక్కే. కాబట్టి ప్రతి ఊటకూ స్థానికంగా పిలిచే పేరు, దాని మీద ఆధారపడిన ఇళ్లు, మడులు, నెలకొకసారి తెలిసిన కొలత గల బిందె నిండడానికి పట్టిన సమయం రాసిపెట్టి, ఆ పట్టికను గ్రామసభ తీర్మానానికి జతచేయాలి.