లంగ్ క్యాన్సర్ ఇమ్యునోథెరపీ టార్గెట్లు: తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

క్యాన్సర్ గడ్డ (ట్యూమర్) జన్యు సమాచారం చదివిన డేటాలో యాంటిజెన్లు, అంటే ఒంటి రక్షణ కణాలైన టీ సెల్స్ గుర్తుపట్టగల ప్రోటీన్లు, వాటి ముక్కలు, వెతకడం నా పని. ఆ రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స ఇమ్యునోథెరపీ, అది గురిపెట్టే యాంటిజెన్ టార్గెట్. బంధువుల దగ్గర్నుంచి జూనియర్ల దాకా అందరూ అడిగేవి దాదాపు ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: లంగ్ క్యాన్సర్‌కి వ్యాక్సిన్ వచ్చేసింది.
2024 ఆగస్టు నుంచి తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది. బయోఎన్‌టెక్ అనే జర్మన్ కంపెనీ వాళ్ళ బీఎన్‌టీ116 అనే ఎంఆర్ఎన్ఏ ఇంజెక్షన్ లండన్‌లో ఒక పేషెంట్‌కి ఇచ్చారు, నిజమే. కానీ అది ఫేజ్ 1, ఏడు దేశాల్లో కలిపి 130 మంది దాకా, ముందు సేఫేనా కాదా అని చూసే దశ. పేరులో వ్యాక్సిన్ ఉంది కదా అని మనలాంటి వాళ్ళం ముందుజాగ్రత్తగా వేయించుకునేది కాదు, క్యాన్సర్ ఆల్రెడీ వచ్చినవాళ్ళకి. అందులో పెట్టిన ఆరు యాంటిజెన్లలో మేజ్-ఏ3 అనే ప్రోటీన్ ఒకటి, దాని కథ కింద చెప్తా.

అపోహ: ట్యూమర్‌లో ఏ ప్రోటీన్ ఎక్కువుంటే అదే టార్గెట్.
ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే. ట్యూమర్‌లో ఉందా అనేది సగం ప్రశ్నే, ఒంట్లో ఇంకెక్కడా లేదా అనేది మిగతా సగం, అసలు కష్టమంతా ఆ రెండో దాంట్లోనే. సీఈఏ అనే ప్రోటీన్ తీసుకోండి, లంగ్ క్యాన్సర్ పేషెంట్లకి కూడా రక్తంలో చూస్తుంటారు, మార్కర్‌గా పనికొస్తుంది. దాన్నే గుర్తుపట్టేలా ల్యాబ్‌లో మార్చిన టీ సెల్స్‌ని పెద్దపేగు క్యాన్సర్ ఉన్న ముగ్గురికి ఇస్తే ముగ్గురికీ తీవ్రమైన కొలైటిస్ (పెద్దపేగు వాపు) వచ్చింది, ఎందుకంటే మామూలు పేగులో కూడా సీఈఏ ఉంటుంది.

మేజ్-ఏ3 అలా కాదు, మామూలుగా వృషణాల్లో తప్ప దాదాపు ఎక్కడా ఉండదు, అక్కడి కణాలు టీ సెల్స్‌కి కనపడవు కూడా, అంటే కాగితం మీద పర్ఫెక్ట్. అయినా దాని మీద పదును పెంచి తయారుచేసిన టీ సెల్స్ ఇచ్చాక ఇద్దరు పేషెంట్లు గుండె దెబ్బతిని చనిపోయారు, 2013లో పేపర్ వచ్చింది. ఆ టీ సెల్స్ గుండె కండరంలో ఉండే టైటిన్ అనే ప్రోటీన్ ముక్కని మేజ్-ఏ3 ముక్క అనుకున్నాయి. రెండూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాల ముక్కలు, పక్కపక్కన పెడితే ఐదు చోట్ల ఒకటే, నాలుగు చోట్ల తేడా, చూడగానే పోలిక తట్టేంత దగ్గర కూడా కాదు. ల్యాబ్‌లో ముందు చేసిన టెస్టుల్లో ఇది దొరకలేదు, స్టెమ్ సెల్స్ నుంచి పెంచిన, కొట్టుకునే గుండె కణాల మీద పెట్టాకే బయటపడింది.

ఇక అదే మేజ్-ఏ3 మీద ఆపరేషన్ అయిన లంగ్ క్యాన్సర్ పేషెంట్లలో జీఎస్‌కే అనే మందుల కంపెనీ పెద్ద వ్యాక్సిన్ ట్రయల్ చేసింది, 2,200 మందికి పైగా, జబ్బు తిరగబెట్టడంలో తేడా ఏం రాలేదు.

అపోహ: మ్యుటేషన్ దొరికితే టార్గెట్ దొరికినట్టే.
మ్యుటేషన్ ఉండాలి, ఆ ప్రోటీన్ తయారవ్వాలి, దాని ముక్క ఆ పేషెంట్ హెచ్ఎల్ఏకి (ప్రోటీన్ ముక్కల్ని కణం బయట టీ సెల్స్‌కి చూపించే అణువు) అతుక్కుని కణం బయటికి రావాలి, దాన్ని గుర్తుపట్టే టీ సెల్ ఉండాలి. 2020లో టెస్లా అనే కన్సార్షియంలో చాలా టీమ్‌లు సాఫ్ట్‌వేర్లతో ఏరిన 608 పెప్టైడ్లని (చిన్న ప్రోటీన్ ముక్కల్ని) ల్యాబ్‌లో చూస్తే టీ సెల్స్ గుర్తుపట్టినవి 37. స్క్రీన్ మీద పొడుగు లిస్ట్ చూసి మురిసిపోయే జూనియర్లకి ఈ నంబరే చెప్తుంటా.

హెచ్ఎల్ఏ మనిషి మనిషికీ వేరు. టార్గెట్ల రీసెర్చ్ ఎక్కువగా యూరప్ వాళ్ళలో కామన్‌గా ఉండే ఏ-02:01 అనే హెచ్ఎల్ఏ రకం చుట్టూ జరిగింది, మన దగ్గర ఏ-11:01, ఏ-24:02, ఏ-33:03 లాంటివి బాగా కనిపిస్తాయి. కేరాస్ అనే జీన్‌లో వచ్చే జీ12డీ, జీ12వీ మ్యుటేషన్లని ఏ-11:01 మీద గుర్తుపట్టే టీ సెల్ రిసెప్టర్లు ఉన్నాయి, మనకి పనికొచ్చే దారి అదని నా అభిప్రాయం.

అపోహ: సిగరెట్ అలవాటు లేనివాళ్ళకి ఇమ్యునోథెరపీ ఇంకా బాగా పనిచేస్తుంది.
వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ చాలాసార్లు ఉల్టా. పొగ వల్ల మ్యుటేషన్లు ఎక్కువ, అంటే టీ సెల్స్‌కి పరాయిగా కనపడే ముక్కలూ ఎక్కువ. ఎప్పుడూ సిగరెట్ ముట్టని ఆడవాళ్ళలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మ్యుటేషన్ ఎక్కువ, అది ఉన్నవాళ్ళకి ఒట్టి పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు అంతగా పనిచేయవు, ముందు ఈజీఎఫ్ఆర్ మాత్రలే. మ్యుటేషన్ రిపోర్ట్ రాకముందే ఇమ్యునో మొదలుపెట్టమని డాక్టర్‌ని తొందరపెట్టొద్దు.

అపోహ: పీడీ-ఎల్1 రిపోర్టే యాంటిజెన్ రిపోర్ట్.
కాదు. పీడీ-ఎల్1 అనేది టీ సెల్‌కి బ్రేక్ వేసే ప్రోటీన్, ఆ రిపోర్ట్ దాని గురించే, టీ సెల్ ఏం గుర్తుపట్టాలో చెప్పదు.

అపోహ: బయాప్సీ బ్లాక్ (ఫార్మలిన్‌లో నిల్వచేసి మైనంలో పెట్టిన ట్యూమర్ ముక్క) ఉంటే చాలు, అన్నీ తెలుసుకోవచ్చు.
ఫార్మలిన్ వల్ల డీఎన్ఏలో సీ అనే అక్షరం ఉన్న చోట మెషీన్ టీ లాగా చదువుతుంది, లేని మ్యుటేషన్ ఉన్నట్టు కనిపిస్తుంది. పోల్చడానికి అదే మనిషి రక్తం కూడా కావాలి. లంగ్ నుంచి సూదితో తీసిన ముక్క పిసరంత, మార్కర్లూ పీడీ-ఎల్1 అయ్యేసరికి మా దాకా మిగిలేది కొంచెమే. పైగా ఆ ముక్కలో ఉన్నది ట్యూమర్ అంతటా ఉండాలని లేదు. బ్రిటన్ వాళ్ళ ట్రేసర్‌ఎక్స్ స్టడీలో ఒకే ట్యూమర్‌లో వేర్వేరు చోట్ల వేర్వేరు మ్యుటేషన్లు కనిపించాయి, దాదాపు 40 శాతం ట్యూమర్లలో హెచ్ఎల్ఏ జీన్ ఒక కాపీనే పోయింది. మనం ఎంచుకున్న పెప్టైడ్ ఆ పోయిన హెచ్ఎల్ఏ మీద కూర్చునేదైతే అది లిస్ట్‌లో మొదటి స్థానంలో ఉన్నా కొట్టేయాల్సిందే, అందుకే హెచ్ఎల్ఏ టైపింగ్ రక్తం మీదే కాకుండా ట్యూమర్ మీద కూడా చూసుకోవాలి.