టిక్ కాటు, లైమ్ జబ్బు: మనవాళ్లలో ఉన్న అపోహలు, వాస్తవాలు

న్యూజెర్సీలో ప్రజారోగ్య నర్సుగా పనిచేస్తున్నాను. టిక్ అంటే మన పిడుదు లాంటి రక్తం పీల్చే పురుగు. అది కుట్టినప్పుడు సోకే బ్యాక్టీరియా జబ్బే లైమ్. మే వచ్చిందంటే మన తెలుగు ఇళ్లలో తరచూ వినే మాటలివి.

అపోహ: అడవుల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లనే టిక్‌లు కుడతాయి.

వాస్తవం: ఇక్కడ చాలామందికి అవి సొంత పెరట్లోనే అంటుకుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గోంగూర మడుల దగ్గర, బీరపాదుల కింద గంటలు గడిపే మే, జూన్, జులై నెలల్లోనే పిల్ల టిక్‌లు ఎక్కువగా తిరుగుతాయి. గసగసాల గింజంత ఉంటాయి. ఊళ్లో గేదెలకు పిడుదులు ఏరిన కళ్లకు కూడా ఇవి ఆనవు. కుట్టినా నొప్పి తెలియదు. అందుకే రోజూ మోకాళ్ల వెనక, చంకల్లో, నడుం చుట్టూ, చెవుల వెనక, జుట్టులో వెతకాలి. పెద్దవాళ్ల వీపు మీరే చూడండి. తోటలో వేసుకున్న బట్టల్ని ఉతక్కముందే డ్రయర్‌లో 10 నిమిషాలు బాగా వేడి మీద తిప్పండి. చన్నీళ్లలో ఉతికితే టిక్‌లు చావవు.

అపోహ: పెరట్లోకి జింకలు రాకపోతే చాలు, లైమ్ భయం లేదు.

వాస్తవం: టిక్‌లకు లైమ్ బ్యాక్టీరియా ఎక్కువగా ఎలుకల నుంచి అంటుతుంది.

అపోహ: వాసెలిన్ పూస్తే, అగ్గిపుల్లతో కాలిస్తే ఊడిపోతుంది.

వాస్తవం: ఆ పని వద్దు. సన్నమొన ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. మామూలుగా 24 గంటలకు పైగా అంటుకుని ఉంటేనే లైమ్ సోకుతుంది. అంతసేపు ఉందనిపిస్తే, తీసేసిన 72 గంటల్లోపు డాక్టర్‌ని కలవండి. అవసరమైతే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు.

అపోహ: వలయాల్లాంటి ఎర్రమచ్చ రాకపోతే లైమ్ కాదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. మచ్చ 3 నుంచి 30 రోజుల్లోపు వస్తుంది, కొందరికి అసలు రాదు. వచ్చినా చాలాసార్లు వలయాలుండవు. నెట్‌లో కనిపించే ఫోటోలు ఎక్కువగా తెల్లచర్మం మీద తీసినవి. మన ఛాయ మీద అది ఊదాగానో, కమిలిన దెబ్బలాగానో ఉండొచ్చు. దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, రోజూ ఫోటో తీయండి. గీత దాటి పెరుగుతుంటే ఆగకుండా డాక్టర్‌ని కలవండి. ఇన్సూరెన్స్ ఖర్చుకు జంకి పెద్దవాళ్లు చెప్పకపోవచ్చు, మీరే అడగండి.

అపోహ: రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది, ఇక భయం లేదు.

వాస్తవం: మొదటి కొన్ని వారాల్లో యాంటీబాడీలు తయారుకాక నెగటివ్ రావచ్చు. మచ్చ స్పష్టంగా ఉంటే పరీక్ష కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. వదిలేస్తే కొన్ని నెలలకు మోకాలు వాయొచ్చు. అప్పటికి అమ్మానాన్నలు ఇండియా వెళ్లిపోయి ఉంటారు. అక్కడి డాక్టర్‌కి లైమ్ వెంటనే తట్టకపోవచ్చు. వేసవిలో అమెరికాలో పెరటి పని చేశామని ఆయనకు తప్పకుండా చెప్పమనండి.